షుగర్ మాత్ర క్యాన్సర్ కణాన్ని కదలకుండా ఆపుతుందా?

మొన్న ఆర్కే బీచ్‌లో వాకింగ్ చేస్తుంటే మా మావయ్య అడిగాడు, "ఏరా, మెట్‌ఫార్మిన్ వేసుకుంటే పేగు క్యాన్సర్ పాకదంట కదా, షుగర్ లేకపోయినా రోజుకోటి వేసుకోనా" అని. వద్దు అన్నాను గానీ, ఎందుకు వద్దో చెప్పడానికి బీచ్ రోడ్ మొత్తం సరిపోలేదు.

ఊరికే పుట్టిన మాట కాదిది. ల్యాబ్‌లో పెద్దపేగు క్యాన్సర్ కణాల్ని ప్లేట్ నిండా పెంచి, సన్నటి ప్లాస్టిక్ మొనతో మధ్యలో ఓ గీత గీకుతారు, ఒక రోజు ఆగి చూస్తే రెండు వైపుల నుంచీ కణాలు పాక్కుంటూ వచ్చి ఆ ఖాళీని పూడ్చేస్తుంటాయి, అదే మెట్‌ఫార్మిన్ పోస్తే ఆ పాకడం నెమ్మదిస్తుంది, ఇది చాలా ల్యాబుల్లో కనబడింది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాని ఈ మందు కొంచెం అణిచిపెడుతుంది, శక్తి తగ్గిందని తెలియగానే ఏఎంపీకే అనే ఎంజైమ్ లేచి ఎదుగుదలకి బ్రేక్ వేస్తుంది. పాకడమే అసలు భయం మరి, పేగులో ఉన్న గడ్డని కోసి తీసేయొచ్చు, రక్తంలో పడి లివర్‌కి చేరిన కణాలతోనే ప్రాణం మీదకొస్తుంది.

కానీ ఆ ప్లేట్లలో పోసే డోసు, మాత్ర మింగినోళ్ళ రక్తంలో ఉండేదానికి వందల రెట్లు. అక్కడితో కొట్టిపారేద్దామంటే పేగు సంగతి వేరు, ఈ మందు పేగు గోడలో రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చేరుతుంది. క్యాన్సర్ ఎక్కడుందో వెతికే పెట్ స్కాన్‌కి ముందు రెండ్రోజులు మెట్‌ఫార్మిన్ ఆపమంటారే, అదీ పేగు మీద ఈ మందు చూపే ప్రభావం వల్లే, చక్కెరని ఎక్కువగా లాక్కునే చోట్లు ఆ స్కాన్‌లో వెలుగుతాయి, మందు ఆపకపోతే పేగు కూడా చక్కెరని లాక్కుని వెలిగిపోయి గడ్డేదో పేగేదో తెలీదు. నాకు ఆశ మిగిలింది ఇక్కడే.

జపాన్‌లో షుగర్ లేని 151 మందితో ట్రయల్ చేశారు, 2016లో వచ్చింది, పాలిప్స్, అంటే పేగు లోపలి గోడ మీద మొలిచే చిన్న బుడిపెలు, తీయించుకున్నవాళ్ళకి ఏడాదిపాటు రోజుకి 250 మిల్లీగ్రాములు. మళ్ళీ పాలిప్స్ వచ్చినవాళ్ళు మందు వేసుకున్నోళ్ళలో 38 శాతం, ఉత్తుత్తి మాత్ర వాళ్ళలో 56.5. మంచి కబురే, కానీ పాలిప్ అంటే క్యాన్సర్ కాదు, పైగా ఏడాది చాలా తక్కువ. రొమ్ము క్యాన్సర్‌లోనూ ఇలాగే ఆశ పెట్టుకుని 3,649 మందితో పెద్ద ట్రయల్ చేస్తే, 2022లో తేలింది, ఉపయోగం లేదని. పైగా ఈ మందు ఏళ్ళ తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గొచ్చు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నోళ్ళు అసలు వాడకూడదు.

ఇదంతా చెప్పాక మావయ్యని అడిగా, అసలు నీకీ డౌట్ ఎందుకొచ్చింది అని. రెండు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందంట, మొలలే అనుకుని షాపులో ఆయింట్‌మెంట్ కొనుక్కుంటున్నాడంట. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. సోమవారం పొద్దున్నే కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్తున్నా, పెద్దపేగులోకి కెమెరా పంపి చూసే కొలనోస్కోపీ గురించి అడగడానికి.