హోమ్ లోన్ ముందే తీర్చేయండి, ఆ లెక్క ఇంట్లో ఇద్దరికీ తెలియాలి

రిజర్వ్ బ్యాంకు 2025లో నాలుగుసార్లు రెపో రేటు, అంటే బ్యాంకులకి తానిచ్చే అప్పు మీద వడ్డీ, తగ్గించి 6.5 నుంచి 5.25 శాతానికి తెచ్చినప్పటి నుంచి మన దగ్గర ఒక మాట బాగా వినబడుతోంది. వడ్డీ తగ్గింది కదా, ఇంక హోమ్ లోన్ ముందుగా కట్టడం తెలివితక్కువ పని, ఆ డబ్బు ఇంకెక్కడైనా పెడితే నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి అని. విజయవాడలో గానీ గుంటూరులో గానీ జీతం మీద బతుకుతూ, తాము ఉండటానికి ఒక్క ఇల్లు లోన్ మీద కొనుక్కున్న వాళ్ళకి నేను చెప్పేది పూర్తిగా రివర్స్. చేతిలో అదనంగా పడిన డబ్బు ముందు ఆ లోన్‌కే కట్టండి, 20 ఏళ్ళ లోన్‌ని 10, 12 ఏళ్ళలో మూసేయండి.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే ఇఎంఐ ఎంతో అందరూ చెప్తారు గానీ అందులో అసలుకి ఎంత పోతోందంటే చాలామంది చెప్పలేరు. 40 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్ళు అనుకోండి, మొన్నమొన్నటి దాకా మనవాళ్ళు చాలామంది కట్టింది ఇంచుమించు ఈ రేటే. ఇఎంఐ 34,700 దాకా పడుతుంది. మొదటి నెల అందులో 28,333 రూపాయలు వడ్డీకే పోతుంది, అసలుకి చేరేది 6,400 లోపే. ఐదేళ్ళు ఒక్క నెల కూడా తప్పకుండా కట్టి, మొత్తం 20.8 లక్షలు బ్యాంకుకి ఇచ్చాక స్టేట్‌మెంట్ తీసి చూస్తే అప్పు ఇంకా 35 లక్షల 25 వేలు ఉంటుంది. ఐదేళ్ళ కష్టానికి తగ్గింది 4 లక్షల 75 వేలు. ఇందులో మోసం ఏమీ లేదు, మిగిలున్న అప్పు మీద నెలనెలా వడ్డీ కడితే అలాగే వస్తుంది, కానీ అదే సూత్రం మనవైపు తిప్పుకుంటే మనకీ అంతే గట్టిగా పనిచేస్తుంది.

ఎలాగంటే, ఆ ఐదో ఏడు చివర ఏ చీటీ పాటో, ఏ అరియర్సో వచ్చి ఒక 5 లక్షలు పార్ట్ పేమెంట్, అంటే అసలులో కొంత ముందే కట్టడం, చేశారనుకోండి. ఇఎంఐ అలాగే ఉంచి టెన్యూర్, అంటే లోన్ కాలం, తగ్గించమని రాసిస్తే మిగిలిన 180 నెలలు 136కి వచ్చేస్తాయి. అంటే మూడేళ్ళ ఎనిమిది నెలల ముందు లోన్ అయిపోతుంది, కట్టక్కర్లేకుండా పోయిన వడ్డీ 10 లక్షల పైన. అదే 5 లక్షలు కట్టి టెన్యూర్ అలాగే ఉంచి ఇఎంఐ తగ్గించమంటే నెలకి 4,900 చిల్లర తగ్గుతుంది, మొత్తమ్మీద వడ్డీలో మిగిలేది 4 లక్షల లోపు. బ్రాంచిలో ఫారం మీద ఏ గడిలో టిక్ పెట్టామన్న దాని మీద వడ్డీలో 6 లక్షల తేడా వస్తోంది, ఈ ఒక్క సంగతి తెలియక పార్ట్ పేమెంట్ చేసి కూడా నష్టపోయేవాళ్ళు ఉన్నారు, అందుకే ఇంత వివరంగా చెప్తున్నా. పెద్ద మొత్తం దొరకని వాళ్ళు ఏడాదికి ఒక్క ఇఎంఐ ఎక్స్‌ట్రా కట్టినా 20 ఏళ్ళలో మూడేళ్ళ పైనే కోసుకుపోతుంది. ఫ్లోటింగ్ రేటు (మార్కెట్‌తో పాటు వడ్డీ మారే) హోమ్ లోన్ వ్యక్తుల పేరు మీద ఉంటే ముందే కట్టినందుకు పెనాల్టీ వెయ్యకూడదని రిజర్వ్ బ్యాంకు 2012లోనే బ్యాంకులకి చెప్పేసింది, కాబట్టి ఆ భయం అక్కర్లేదు.

అవతలి వాదన కూడా చెప్పాలి. 8 శాతానికి అప్పు ఉంచుకుని ఆ డబ్బు ఈక్విటీ సిప్‌లో, అంటే నెలనెలా షేర్ల ఫండ్‌లో, పెడితే దీర్ఘకాలంలో 12 శాతం వస్తుంది, పైగా రూపాయి విలువ ఏటా తగ్గుతుంది కాబట్టి పదిహేనేళ్ళ తర్వాత కట్టే 34 వేలు ఇవాళ్టి 34 వేలంత బరువుగా ఉండవు, ఇంట్లో ఇరుక్కుపోయిన డబ్బు అవసరానికి బయటికి రాదు అంటారు. కాగితం మీద ఇది తప్పేం కాదు. పాతికేళ్ళ వయసులో, పెళ్ళాం పిల్లల బాధ్యత లేకుండా, మార్కెట్ సగానికి పడిపోయినా నిద్రపట్టే మనిషికి సరిపోవచ్చు కూడా.

కానీ లోన్ కట్టేది ఆ కాగితం మీద మనిషి కాదుగా. 2020 జనవరిలో 12,400 దగ్గర ఉన్న స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ మార్చి 23కి 7,600 దగ్గరికి పడింది, సరిగ్గా అదే నెలల్లో ప్రైవేటు కాలేజీల లెక్చరర్లకి జీతాలు ఆగిపోయాయి, షాపుల షట్టర్లు దిగాయి. మార్కెట్ పడటం, ఉద్యోగం ఊగడం ఎప్పుడూ వేర్వేరు రోజుల్లో రావు, చాలాసార్లు రెండూ కలిసే వస్తాయి. అప్పుడు సిప్ అమ్మి ఇఎంఐ కట్టినవాళ్ళకి ఆ 12 శాతం ఎక్కడ మిగిలింది? మారటోరియం, అంటే కిస్తీలు కొన్నాళ్ళు ఆపుకునే వీలు, ఇచ్చారు నిజమే, ఆ ఆరు నెలల వడ్డీ మాత్రం అప్పులోకే వచ్చి చేరింది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగినప్పుడు కూడా అంతే, ఫ్రిజ్జూ బండీ వైరింగూ అన్నీ ఒకేసారి మళ్ళీ కొనాల్సి వచ్చిన ఇంట్లో నెలనెలా 30 వేల ఇఎంఐ ఉండటానికీ లేకపోవటానికీ ఉన్న తేడా ఏ సిప్ క్యాలిక్యులేటర్‌లోనూ కనపడదు. ప్రీపేమెంట్ మీద వచ్చే లాభం మీ లోన్ రేటు ఎంతో అంత, రిస్క్ లేదు, టాక్స్ లేదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ వేస్తే వచ్చే వడ్డీ మీ ఆదాయంలోకే చేరుతుంది, టాక్స్ పడితే అదీ పోను మిగిలేది మీ లోన్ రేటు కన్నా తక్కువే. లోన్ పక్కన పెట్టి డిపాజిట్ దాచుకునే ఇల్లు ఏటా ఆ తేడా బ్యాంకుకి ఊరికే ఇస్తోంది.

టాక్స్ మిగులుతుంది కదా అనేది ఇంకో మాట. పాత పన్ను పద్ధతిలో మనం ఉండే ఇంటికి ఏడాదికి 2 లక్షల వడ్డీ దాకా మినహాయింపు ఉంది, 30 శాతం స్లాబులో ఉన్నవాళ్ళకి కూడా మిగిలేది సెస్సుతో కలిపి 62,400. దానికోసం 2 లక్షలు వడ్డీ కట్టడం ఎవరికి లాభం? పైగా కొత్త పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటి మీద ఆ మినహాయింపే లేదు, 2023-24 నుంచి అదే డిఫాల్ట్, 2025 బడ్జెట్ తర్వాత జీతగాళ్ళకి 12.75 లక్షల దాకా ఆ పద్ధతిలో పన్నే పడదు. మన జిల్లాల్లో హోమ్ లోన్ కట్టే టీచర్లూ గుమస్తాలూ నర్సులూ చాలామంది ఆ లోపే ఉంటారు. టాక్స్ పేరు చెప్పి లోన్ సాగదీసే రోజులు అయిపోయాయి.

వడ్డీ తగ్గింది అనేవాళ్ళు 2022 మర్చిపోతున్నారు. ఆ మే నెల నుంచి తొమ్మిది, పది నెలల్లో రెపో 4 నుంచి 6.5కి వెళ్ళింది. 7 శాతానికి 30 లక్షలు 20 ఏళ్ళకి తీసుకున్న వాళ్ళ ఇఎంఐ 23,259, అదే 30 లక్షలకి 9.5 శాతం అయితే నెల వడ్డీయే 23,750. పాత ఇఎంఐ వడ్డీకే చాలని పరిస్థితి, అంత దూరం రాని చాలా లోన్లకి కూడా ఇఎంఐ కదలకుండా టెన్యూర్ మాత్రం చడీచప్పుడు లేకుండా పెరిగిపోయింది, 55 ఏళ్ళకి అయిపోవాల్సిన లోన్ రిటైర్మెంట్ దాటి పోయింది. చివరికి 2023 ఆగస్టులో రిజర్వ్ బ్యాంకు కలగజేసుకుని, రేటు మారినప్పుడు ఇఎంఐ పెంచాలా టెన్యూర్ పెంచాలా అన్నది కస్టమర్‌ని అడగాలని చెప్పాల్సి వచ్చింది. రేటు తగ్గిన ఇప్పుడు చెయ్యాల్సింది ఒక్కటే, ఇఎంఐ తగ్గించుకోకుండా పాతదే కట్టుకుంటూ పోవడం, మళ్ళీ పెరిగేలోపు అసలు వీలైనంత కిందకి దించేయడం. మన రాష్ట్ర ప్రభుత్వోద్యోగికి 62కి రిటైర్మెంట్, 42లో 20 ఏళ్ళ లోన్ తీసుకున్నవాళ్ళకి ఇక్కడ ఒక్క నెల కూడా మిగులు లేదు.

నిజానికి మన ఊళ్ళలో ప్రీపేమెంట్ డబ్బు ఎత్తుకుపోయేది సిప్ కన్నా ప్లాటే. 2014లో రాజధాని అన్నారు, తుళ్ళూరు చుట్టూ రేట్లు ఆకాశానికి వెళ్ళాయి, 2019 డిసెంబరులో మూడు రాజధానులు అనగానే కొన్నవాళ్ళు అమ్ముకోలేక ఉంచుకోలేక నలిగిపోయారు, 2024 తర్వాత మళ్ళీ బ్రోచర్లు మొదలయ్యాయి. ఉన్న ఇంటి లోన్ అలాగే ఉంచి, చాలని డబ్బు రెండు రూపాయల వడ్డీకి ప్రామిసరీ నోటు రాసి తెచ్చి, ప్లాట్‌కి బయానా ఇచ్చేవాళ్ళు మీకూ తెలుసు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అంత స్పీడులో ఏ ప్లాటూ పదేళ్ళు వరసగా పెరగదు. ఇలాంటి చేబదుళ్ళు, క్రెడిట్ కార్డు బాకీలు, పర్సనల్ లోన్లు ఉంటే హోమ్ లోన్ కన్నా అవి ముందు తీర్చాలి, ఒక ఆరు నెలల ఖర్చు, ఇంటిల్లిపాదికీ హెల్త్ ఇన్సూరెన్సు పక్కన ఉంచుకోవాలి, ఆ తర్వాత వచ్చే ప్రతి రూపాయీ ఇంటి లోన్‌కే.

ఇంతవరకు రాసిందంతా అంకెల గురించి, నాకు దీనికన్నా పెద్ద బాధ ఇంకోటుంది. ఈ లోన్ ఎంత మిగిలుందో ఇంటావిడకి తెలియదు.

హోమ్ లోన్ తీసుకునేటప్పుడు భార్యని కో అప్లికెంట్‌గా పెట్టడం మన దగ్గర మామూలే, ఎలిజిబిలిటీ పెరుగుతుందనో ఆడవాళ్ళ పేరు ఉంటే రేటు కొంచెం తగ్గుతుందనో పెడతారు. ఆవిడ వచ్చి కట్టలు కట్టలు కాగితాల మీద సంతకాలు పెడుతుంది, అంతటితో సరి. ఆ తర్వాత స్టేట్‌మెంట్ ఆయన మెయిల్‌కి, ఓటీపీ ఆయన ఫోన్‌కి, టెన్యూర్ పెరిగిందా తగ్గిందా ఆయనకే తెలియాలి, చాలాసార్లు ఆయనకీ తెలియదు. కో అప్లికెంట్ అంటే అప్పు మొత్తానికీ ఆవిడా పూచీ అని ఆ రోజు ఎవరూ విడమరిచి చెప్పరు. 2021 కరోనా సెకండ్ వేవ్‌లో ఎంతమంది ఆడవాళ్ళకి ఆ సంగతి భర్త పోయిన తర్వాత బ్యాంకు నుంచి వచ్చిన ఫోన్‌తో తెలిసిందో మన వీధుల్లో అడిగితే చెప్తారు. లోన్‌కి ఇన్సూరెన్స్ ఉందో లేదో, ఉంటే పాలసీ కాగితం ఏ బీరువాలో ఉందో కూడా తెలియని ఇళ్ళు ఉన్నాయి.

మరి అప్పు లెక్క ఆడవాళ్ళకి చేతకాదా? ఈ రాష్ట్రంలో ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది. డ్వాక్రా సంఘాల్లో నెలనెలా అందరూ కూర్చుని, ఎవరి పొదుపు ఎంత, ఎవరి అప్పు ఎంత మిగిలింది అని పైకి చదివి, మినిట్స్ బుక్‌లో రాసి, సంతకాలు పెట్టి నడిపేది వాళ్ళే. పది మందిలో ఒక్కరు కిస్తీ తప్పినా మిగతావాళ్ళు ఇంటికెళ్ళి కూర్చుంటారు, బ్యాంకులు ఆ నమ్మకం మీదే తాకట్టు లేకుండా సంఘాలకి లక్షలు ఇస్తున్నాయి. 50 వేల సంఘం అప్పుకి అంత లెక్క రాసే మనిషి, అదే ఇంట్లో ఉన్న 35 లక్షల అప్పు స్టేట్‌మెంట్ ఒక్కసారి కూడా చూడకపోవడం నాకు అస్సలు మింగుడుపడదు. ఇది ఆవిడ అజ్ఞానం అనుకోకండి, చూపించకపోవడం మన అలవాటు. డబ్బు సంగతి మగాడు చూసుకుంటాడు అనే ఆ పాత అహం వల్లే సగం లోన్లు 20 ఏళ్ళు నిండా సాగుతున్నాయని నా గట్టి నమ్మకం, ఎందుకంటే ప్లాట్‌కి బయానా ఇచ్చేటప్పుడు అడ్డం పడాల్సిన మనిషికి అసలు అప్పు ఎంతుందో తెలియదు కదా. తెలిస్తే ఊరుకోదు. నెల ఖర్చులో వెయ్యి రూపాయలు మిగిల్చి చీటీ కట్టే మనిషికి, ఈ 5 లక్షలు లోన్‌కి కడితే 10 లక్షల వడ్డీ తప్పుతుందని ఒక్కసారి చెప్పి చూడండి, రుణశేషం ఉంచకూడదు అని మన పెద్దవాళ్ళు చెప్పిన మాట ఆవిడ మీకే గుర్తుచేస్తుంది, లోన్ ఎప్పుడు అయిపోతుందో క్యాలెండర్ మీద రాసి పెట్టేది కూడా ఆవిడే అవుతుంది.

అందుకని ఈ నెలే ఇద్దరూ కలిసి లోన్ స్టేట్‌మెంట్ తీయండి. మిగిలిన అసలు, ఇప్పటి రేటు, మిగిలిన నెలలు, ఈ మూడూ ఆవిడ ఫోన్‌లో కూడా ఉండాలి, బ్యాంకు అలర్ట్‌లు ఆవిడ నంబరుకీ వచ్చేలా అడగండి. పార్ట్ పేమెంట్‌కి బ్రాంచికి వెళ్తే టెన్యూర్ తగ్గించమని రాతపూర్వకంగా ఇచ్చి, కొత్త షెడ్యూల్ ప్రింటు చేతికి తీసుకోండి. మొత్తం కట్టేశాక ఒరిజినల్ దస్తావేజులు 30 రోజుల్లో తిరిగివ్వాలి, బ్యాంకు తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 పరిహారం ఇవ్వాలని 2023 డిసెంబరు నుంచి రూలు ఉంది. నో డ్యూస్ కాగితంతో సరిపెట్టుకోకుండా సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో తాకట్టు ఎంట్రీ కూడా తీయించి, కొత్త ఈసీ (ఆస్తి మీద తాకట్టులేమైనా ఉన్నాయో చూపే కాగితం) తీసి చూసుకోండి, ఆ పనికి వెళ్ళేటప్పుడు కూడా ఇద్దరూ కలిసే వెళ్ళండి.