రసీదులో అక్క, రిజిస్టర్‌లో అబ్బాయా?

మూడు గంటలు. గురువారం మధ్యాహ్నం కర్నూల్లో ఆ ఎండలో, చర్చి సమాధుల తోట గేటు బయట శవాన్ని మూడు గంటలు ఆపేశారు. సంగతి ఊరంతా తెలిసిందే, మళ్లీ మొదటినుంచి చెప్పే పనిలేదు. చనిపోయినామె ట్రాన్స్‌జెండర్, పదకొండేళ్లుగా ఆ చర్చి సంఘానికి ఆదివారం ఆదివారం వస్తా ఉన్నామె. పుట్టినప్పుడు పెట్టిన మగ పేరే రిజిస్టర్‌లో రాస్తాం, సిలువ మీదా అదే పేరుండాలి, చీర తీసి ప్యాంటు చొక్కా వేసి తెస్తేనే గేటు తీస్తాం, ఇదీ కమిటీ పెద్దల షరతు. ఆమె జమాత్ వాళ్లు, అంటే కలిసి బతికే ట్రాన్స్‌జెండర్ల గుంపు, ఒప్పుకోలేదు. చివరికి హంద్రీ ఒడ్డు స్మశానంలో, పాస్టర్ అయ్యగారు లేకుండా, వాళ్లే ఒక పాట పాడుకుని పూడ్చిపెట్టి పోయారు. పేరు మేం రాయట్లేదు, జమాత్ పెద్దామె వద్దంది, ఆ పేరుతో ఆ రోజు గేటు దగ్గర చేసిన ఎగతాళి చాలు అంది.

సంఘానికి దాని సిద్ధాంతం దానికుంటుంది, దేవుడు స్త్రీనిగా పురుషునిగా చేశాడని ఆదికాండంలో ఉంది, పెళ్లంటే ఒక మగ ఒక ఆడ అని నమ్మే హక్కు రాజ్యాంగమే ఇచ్చింది. సరే, కాదన్నదెవరు? ఇక్కడ ఎవరూ పెళ్లి చేయమనలేదు, పాస్టర్ని చేయమనలేదు. గుంత అడిగారు, దాని మీద ఆమె పేరు అడిగారు, అంతే.

మాకు మండింది సిద్ధాంతం దగ్గర కాదు, రసీదు దగ్గర. ఆ రసీదు ఇప్పుడు మా డెస్క్ మీదుంది. పోయిన కోత పండుగది. గుమ్మడికాయలు, జొన్న కంకులు, కోళ్లు తెచ్చి గుడి, అంటే చర్చి ముందర వేలం పెడతారు కదా, ఒక నాటుకోడికి ఈ చనిపోయినామె వేలం పాట పాడింది. 'అక్క రెండువేలు, అక్క రెండువేల ఐదొందలు, ఒకటోసారి, రెండోసారి' అని మైకులో అరిచింది ఇదే కమిటీ, చప్పట్లు కొట్టించింది ఇదే కమిటీ. ఆమె కోడిని ఇంటికి కూడా తీసుకుపోలేదంట, అయ్యగారింటికే ఇచ్చేసింది. రసీదు మీద శ్రీ/శ్రీమతి అని అచ్చేసిన చోట 'శ్రీ' మీద గీత కొట్టి, పక్కన ఆమె పెట్టుకున్న ఆడ పేరు నీట్‌గా రాసి, 2,500 వేసి, కింద ట్రెజరర్ సంతకం పెట్టాడు. డబ్బు తీసుకునేటప్పుడు ఆడమనిషి, మట్టి ఇవ్వాల్సొచ్చేసరికి మగమనిషి. ఇదెక్కడి లెక్క?

రూల్ ప్రకారం రికార్డు పేరే రాయాలంటున్నారు. ఏ రికార్డు? ఈ జిల్లాలో ఎంతమంది విశ్వాసులకి స్కూల్ సర్టిఫికెట్‌లో ఒక పేరు, గుళ్లో ఇంకో పేరు ఉందో కమిటీకి తెలీదా? అందులో వాళ్ల తప్పు ఏమీ లేదు, క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుందని 1950 రాష్ట్రపతి ఉత్తర్వు మెడ మీద కత్తి పెట్టింది కాబట్టి రెండు పేర్లతో బతుకుతున్నారు. మేం అడిగేది ఒకటే, వాళ్లలో ఎవరి శవాన్నన్నా గేటు దగ్గర ఆపి టెన్త్ సర్టిఫికెట్ చూపించమన్నారా ఎప్పుడన్నా? ఒక్కరినన్నా? మరి ఈమె దగ్గరే రికార్డు ఎందుకు గుర్తొచ్చింది?

అసలు పేరు మార్చడం గురించి చర్చికి ఇంకొకరు చెప్పాలా. బైబిల్లోనే సీమోను పేతురయ్యాడు, అబ్రాము అబ్రాహామయ్యాడు. 1876-78 ధాత కరువులోనూ ఆ తర్వాతా మన తాత ముత్తాతలు మిషనరీల దగ్గరికి గుంపులుగా వెళ్లింది గంజి కోసమే అని ఎవరేమన్నా అననీ, ఊరోళ్లు 'గాడు' తగిలించి పిలిచిన మనిషిని యోహాను అని, ఏసోబు అని రిజిస్టర్‌లో రాసుకుంది ఈ చర్చే. ఊరు పెట్టిన పేరు మాకొద్దు, మేమెవరో మేం చెప్పుకుంటాం అని వచ్చినవాళ్ల మనవలు ఈ రోజు గేటుకి తాళం వేసి, నీ పేరు మేం చెప్తాం అంటున్నారు.

వాక్యం అంటారా, అపొస్తలుల కార్యములు ఎనిమిదో అధ్యాయం తీయండి. ఐతియొపీయుడైన నపుంసకుడు దారిలో నీళ్లు చూసి, నాకు బాప్తిస్మం ఇవ్వడానికి అడ్డేముంది అని అడుగుతాడు. పక్కనే కూర్చుని వాక్యం చెబుతున్న ఫిలిప్పు కమిటీ మీటింగ్ పెట్టలేదు, రథం ఆగింది, ఇద్దరూ నీళ్లలోకి దిగారు. ట్రాన్స్‌జెండర్లకి బాప్తిస్మం ఇవ్వొచ్చని వాటికనే 2023లో చెప్పింది, లింగమార్పిడి తప్పని అదే వాటికన్ 2024 ఏప్రిల్‌లో ఇంకో పత్రం ఇచ్చింది. అంటే ఒప్పుకోకపోయినా మనిషిని లోపలికి రానివ్వచ్చు, రోమ్‌కి కుదిరింది కర్నూలుకి కుదరలేదు. ఎవరి లింగం ఏంటో వాళ్లే చెప్పుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే అంది, అది వేరే సంగతి, కోర్టు తీర్పు చూపించి గుంత అడగాల్సిన గతి విశ్వాసికి పట్టకూడదు.

అన్నట్టు, కట్నం ఎంతో దగ్గరుండి మాట్లాడి మూడు ఆదివారాలు పెళ్లి ప్రకటన చదివే పెద్దలకి ఏ వాక్యమూ అడ్డురాదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఇంకో కమిటీ 'కర్నూల్లో చేశారు కదా' అంటుంది. ఈసారి ట్రాన్స్‌జెండర్, తర్వాత విడాకులు తీసుకున్నామె, ఆ తర్వాత చందా బాకీ ఉన్న ముసలాయన.

కమిటీ మీటింగ్ ఆదివారం ఆరాధన అయ్యాక ఉందంట. ఒక పని చేయండి. బీరువా తీసి కోత పండుగ రసీదు బుక్కు కౌంటర్ ఫాయిల్ చూడండి. ఆమె పేరు ఏదో మీకు తెలీదని చెప్పడానికి లేదు, అందులో మీ చేత్తోనే రాశారు. సంతకం పెట్టిన ట్రెజరర్ని కూడా పిలిచి అడగండి, గురువారం తాళం చెవి ఆయన జేబులోనే ఉంది.