నూతి గట్టు దాకా మళ్లీ నడక

పడిపోతామన్న భయంతో వృద్ధులు నడక మానుకుంటే కాళ్ల కండరాలు బలహీనపడి, పడే ప్రమాదం ఇంకా పెరుగుతుందని వృద్ధులు పడిపోవడం గురించి వచ్చిన ఒక వ్యాసంలో రాసినది నిజమని ఒడిశాలోని పర్లాకిమిడిలో ఉన్న మా ఇంట్లోనే కళ్లారా చూశాను. నూతి గట్టు దగ్గర ఒకసారి జారిన మా నాయనమ్మ, ఎముక విరగకపోయినా, ఆరు నెలలు వీధి అరుగు దిగలేదు. "పడిపోతావు, కూర్చో" అంటూ ఆ భయాన్ని పెంచినది, నిజానికి, మేమే. న్యూజిలాండ్‌లోని ఒటాగో విశ్వవిద్యాలయంలో రూపొందిన ఇంటి వ్యాయామ పద్ధతిలో వారానికి 3 సార్లు కాళ్ల బలానికీ నిలకడకూ సాధన, దానికి తోడు నడక ఉంటాయి. అదే తీరున ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, వంటగది గట్టు పట్టుకుని మడమలెత్తడం, కుర్చీలోంచి మెల్లగా లేవడం నేర్పాక, ఆమె మళ్లీ ఆ నూతి దాకా వెళ్లింది. అయితే ఒడియాలో మాత్రమే చెప్పే వ్యాయామ సూచనలు మా ప్రాంతపు తెలుగు పెద్దలకు అర్థం కావు. ఆ వ్యాసంలో భాష ప్రస్తావన కూడా ఉండవలసింది.