బాల్‌పార్కు కట్టించని ఊరూ ఒక ఊరేనా?

అమెరికాలో మైనర్ లీగ్ బేస్‌బాల్ జట్టుకి స్టేడియం, అదే బాల్‌పార్కు, కట్టడానికి ఊరి ఖజానా నుంచి డబ్బులివ్వాలా వద్దా అని ఇంకా చర్చలు పెడుతున్నారంటే చాలా బాధగా ఉంది. ఇవ్వాలా వద్దా అనేది అసలు ప్రశ్నే కాదు. ఓనరుగారి మనసు నొచ్చుకోకుండా ఎలా ఇవ్వాలన్నదే ఆలోచించాలి. చెక్కు ఒంటి చేత్తో ఇస్తే బాగుంటుందా, పళ్లెంలో తాంబూలంతో పాటు పెట్టి ఇస్తే బాగుంటుందా, కౌన్సిల్ మీటింగులో తేల్చాల్సింది ఇదీ.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైనర్ లీగ్ జట్టులో ఆటగాళ్లకు జీతాలిచ్చేది పైనున్న మేజర్ లీగ్ క్లబ్బు. వాళ్లలో ఎవరు ఉండాలో, ఎవరు ఎప్పుడు పై మెట్టెక్కాలో తేల్చేదీ అదే. స్థానిక ఓనరు టికెట్లు, బీరు, హాట్‌డాగులు, టోపీలు అమ్ముకుంటాడు. ఆటగాళ్ల ఖర్చు పైవాళ్లది, స్టేడియం ఖర్చు ఊరివాళ్లది అయ్యాక ఓనరుకి మిగిలే కష్టం ఒక్కటే: అలగడం.

మన పెళ్లిళ్లలో అలకపాన్పు ఎక్కిన కొత్త పెళ్లికొడుకుని చూశారుగా. స్కూటరుంటే కారంటాడు, కారుంటే రంగు బాలేదంటాడు. మామగారు అప్పుకి పరిగెత్తేదాకా మొహం అటు తిప్పుకునే ఉంటాడు. కాకపోతే అతనికి పీటల మీద కూర్చున్న పెళ్లికూతురు ఒక్కర్తే. బాల్‌పార్కు అల్లుడికి పక్కూళ్లో ఇంకో సంబంధం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. పైగా 2021లో మేజర్ లీగ్ మొత్తం వ్యవస్థను తన చేతిలోకి తీసుకుని, 160 జట్లను 120కి కుదించింది. డ్రెస్సింగ్ రూములు ఇంత ఉండాలి, లైట్లు ఇలా వెలగాలి అని కొలతలు కూడా పంపింది. దాంతో అలకకు అధికారిక పత్రం దొరికింది. ‘నేనేం అడగట్లేదండీ, రూల్సు అలా ఉన్నాయి’ అంటే సరిపోతుంది.

అలక తీర్చే ఈ విద్యలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫోర్డ్ నగరాన్ని మించింది లేదు. 2014 జూన్‌లో అక్కడి మేయరు శుభవార్త చెప్పారు: పది మైళ్ల దూరంలోని న్యూ బ్రిటన్ నుంచి రాక్ క్యాట్స్ జట్టు మన ఊరికొస్తోంది! న్యూ బ్రిటన్‌లో 1996లో కట్టిన స్టేడియం నిక్షేపంలా ఉంది. అయితేనేం? పక్కింటి కళ మనింటికి తెచ్చుకుంటే రాష్ట్రం మొత్తంగా ఎంత కళ పెరుగుతుందో లెక్కేయడానికి పెద్ద ఆర్థికశాస్త్రం అక్కర్లేదు, తీసివేత వస్తే చాలు.

హార్ట్‌ఫోర్డ్ అమెరికాలోని పేద నగరాల్లో ఒకటి. ఊళ్లో సగం ఆస్తులు ప్రభుత్వానివీ, ఆసుపత్రులవీ, కాలేజీలవీ కాబట్టి వాటి మీద ఆస్తిపన్ను రాదు. ఇంతకన్నా అనువైన ముహూర్తం ఎక్కడ దొరుకుతుంది? 5.6 కోట్ల డాలర్ల అంచనాతో పని మొదలైంది. 2016 ఏప్రిల్‌లో గృహప్రవేశం అన్నారు. ఖర్చు కోటి పెరిగింది, గడువు దాటింది, మళ్లీ ఇచ్చిన గడువూ దాటింది. జూన్‌లో నగరం కాంట్రాక్టరును తీసేసింది. కొత్త పేరుతో యార్డ్ గోట్స్ అయిన ఆ జట్టు 2016 సీజన్ అంతా సొంత మైదానం లేకుండానే ఆడింది. ‘హోమ్’ మ్యాచుల్లో కొన్ని నార్విచ్ అనే ఇంకో ఊళ్లో జరిగాయి. సొంతింట్లో ఆడకుండానే హోమ్ జట్టు అనిపించుకోవడం వైరాగ్యంలో చాలా పై మెట్టు, తెలుసా!

2017 ఏప్రిల్‌లో పార్కు తెరిచారు. లెక్క 7.1 కోట్ల దాకా తేలింది. అదే జూలైలో నగరం దివాలా లాయర్లను పెట్టుకుంది. దివాలాకి పార్కు ఒక్కటే కారణమని నేననను. పెన్షన్లు, పాత బాకీలు అంతకు ముందునుంచే కూర్చుని ఉన్నాయి, పార్కు వాటి పక్కన కుర్చీ వేసుకుందంతే. మరుసటి ఏడాది రాష్ట్ర ప్రభుత్వం హార్ట్‌ఫోర్డ్ బాకీలు సుమారు 55 కోట్ల డాలర్లు తన నెత్తిన వేసుకుంది. అంటే జట్టు పోగొట్టుకున్న న్యూ బ్రిటన్ పౌరుడు కూడా, రాష్ట్ర పన్నుల రూపంలో, జట్టు తెచ్చుకున్న ఊరిని ఆదుకున్నాడు. సొమ్మొకడిది, సోకొకడిది అంటారు కానీ, సోకు పోయినవాడి చేతే సొమ్ము కట్టించడం కొత్త మెరుగు.

స్టేడియం చుట్టూ అపార్ట్‌మెంట్లు, దుకాణాలు లేస్తాయి, వాటి పన్నుతోనే అప్పు తీరుతుంది అన్నది అసలు ప్లాను. కోర్టు కేసుల పుణ్యమా అని ఆ స్థలాలు ఏళ్ల తరబడి పార్కింగ్ లాట్లుగానే ఉండిపోయాయి. పార్కింగ్‌కి మాత్రం ఇబ్బంది రాలేదు.

న్యాయంగా చెప్పాలి కదా: పార్కు బాగుంటుంది. సీట్లు ఆరు వేల పైచిలుకు, చాలా రాత్రులు నిండిపోతాయి కూడా. పిల్లలు బంతి కోసం గ్లోవులు తొడుక్కుని కూర్చుంటారు. 2019 నుంచి అక్కడ పల్లీలు అమ్మడం మానేశారు, ఎలర్జీ ఉన్న పిల్లలు భయం లేకుండా రావచ్చని. మంచి పనే. ఇంత పెట్టినందుకు నగరానికి పల్లీగింజైనా దక్కలేదని ఏడ్చేవాళ్లు గమనించాలి, ఆ పార్కులో పల్లీగింజ ఎవరికీ దక్కదు.

ఇక కన్సల్టెంట్ల రిపోర్టు. ప్రతి బాల్‌పార్కుకీ పునాదికన్నా ముందు పడేది ఇదే. ఒక కుటుంబం మ్యాచుకొచ్చి అరవై డాలర్లు ఖర్చు పెడితే, అది హోటలు సర్వరుకీ, అతని చేతిలోంచి మంగలికీ, మంగలి చేతిలోంచి ఇంకొకరికీ తిరిగి తిరిగి నూట యాభై అవుతుందట. అదే కుటుంబం అదే ఊళ్లో పిజ్జాకో సినిమాకో వెళ్లి ఉంటే ఆ అరవై ఎందుకు తిరగదో రిపోర్టులో ఉండదు. బహుశా పిజ్జా డబ్బుకి కాళ్లుండవు. అమెరికా ఆర్థికవేత్తలు వడ్డీరేట్ల నుంచి కనీస వేతనం దాకా దేనిమీదా ఒక మాటకు రారు కానీ, స్టేడియాలకు ప్రజాధనం గిట్టుబాటు కాదన్న సంగతి మీద మాత్రం ముప్పై ఏళ్లుగా దాదాపు ఏకకంఠంతో ఉన్నారు. అంత ఐకమత్యం చూస్తే నాకు అనుమానమే. హార్ట్‌ఫోర్డ్‌ది లాంటి డబుల్-ఏ (మైనర్ లీగ్‌లో ఒక మెట్టు) జట్టు ఏడాదిలో సొంతూళ్లో ఆడేది 69 మ్యాచులు. మిగతా 296 రోజులు గేటుకి తాళం, అప్పుడప్పుడూ ఓ బీరు పండగ. వడ్డీ మాత్రం సెలవు పెట్టకుండా 365 రోజులూ డ్యూటీ చేస్తుంది.

ఇవ్వనని మొండికేసిన ఊళ్ల గతి చెప్పనా? రోడ్ ఐలండ్‌లోని పొటకెట్‌లో మెకాయ్ స్టేడియం ఉండేది. మామూలుగా తొమ్మిది ఇన్నింగ్సులతో ముగిసే ఆట 1981లో అక్కడ 33 ఇన్నింగ్సులు సాగింది, ప్రొఫెషనల్ బేస్‌బాల్ చరిత్రలో అంతకన్నా పొడుగైంది లేదు. తెల్లవారుజామున నాలుగింటికి ఆట ఆపేసరికి స్టాండ్స్‌లో మిగిలినవాళ్లు 19 మంది. కొత్త స్టేడియం బేరం కుదరక జట్టు మసాచుసెట్స్‌లోని వూస్టర్‌కి వెళ్లిపోయింది. వూస్టర్‌లో 2021లో తెరిచిన పోలార్ పార్కుకి దాదాపు 16 కోట్ల డాలర్లయింది. పొటకెట్ బుద్ధి తెచ్చుకుని పొదుపు చేసిందనుకుంటున్నారా? సాకర్ స్టేడియం కట్టించింది. అందుకోసం ప్రాజెక్టు చేతికి 2.7 కోట్లు అందేలా బాండ్లు అమ్మారు, 30 ఏళ్లలో తిరిగి కట్టాల్సింది 13.2 కోట్ల దాకా. మ్యాచ్ ఎంత పొడుగైనా ఒకనాటికి ముగుస్తుంది, పొటకెట్‌కి ఆ రికార్డు సరిపోలేదు.

ఇప్పుడు మనవాళ్లకు బాగా తెలిసిన ఊరు. డాలస్ పక్కన గ్రాండ్ ప్రెయిరీ ప్రజలు 2007లో ఓటేసి, సేల్స్ ట్యాక్సులో డాలరుకి సెంటులో ఎనిమిదో వంతు బాల్‌పార్కుకి రాసిచ్చారు. 2008లో ఎయిర్‌హాగ్స్ జట్టు దిగింది. 2018లో చైనా జాతీయ జట్టు కుర్రాళ్లను తెచ్చి ఆడించారు. టెక్సస్ పన్నుతో బీజింగ్‌కి ప్రాక్టీసు! 2020కల్లా జట్టే లేదు. ఆ మైదానాన్నే క్రికెట్‌కి మార్చారు. 2024 జూన్ 6న టీ20 ప్రపంచకప్‌లో అమెరికా సూపర్ ఓవర్లో పాకిస్తాన్‌ని ఓడించింది అక్కడే. ఇర్వింగ్, ఫ్రిస్కో, ప్లేనోల నుంచి కార్లేసుకుని వెళ్లే మన జనం ఇప్పుడు ఎంఎల్‌సీ (అమెరికా టీ20 లీగ్ మేజర్ లీగ్ క్రికెట్) మ్యాచుల్లో అరిచేదీ అక్కడే. ఈ లాభం 2007లో ఏ కన్సల్టెంటూ ఊహించలేదు, మన హెచ్1బీలను లెక్కలో వేసుకోలేదు పాపం.

కాబట్టి నగర కౌన్సిళ్లకు నా సవినయ మనవి. ఈసారి ఒప్పందంలో ఆట పేరు రాసే చోట ఖాళీ వదలండి. జట్టు పేరు పెన్సిల్‌తో రాయండి. సిరాతో రాయాల్సిన చోటు ఎలాగూ ఒకటుంది, అప్పు తీర్చేవాళ్ల పేరు. అక్కడ మాత్రం కొట్టివేతలు పనికిరావు.