మొరగడమే దాని ఉద్యోగం

మొన్న ఫిబ్రవరిలో రాత్రి రెండింటికి మా వెనక వీధి తెలుగాయన మెసేజ్ పెట్టాడు: "అన్నా, మీ కుక్కకి ఒంట్లో బాలేదా?"

శుభ్రంగా ఉంది. టార్చి వేసుకుని వెళ్తే కంచె మూల వాగువైపు తిరిగి, తోక వీపు మీదికి చుట్టి, ఆగి ఆగి మొరుగుతోంది. మేకలన్నీ షెడ్డు గోడకి ఒత్తుకుని నిలబడ్డాయి. వాగు అవతల కయోటీల ఊళ. ఇక్కడి తోడేలు జాతి అడవి జంతువులవి.

డాలస్‌కి ఉత్తరాన కాలిన్ కౌంటీలో మాకు ఐదెకరాలుంది. కుక్క గ్రేట్ పిరనీస్, ఫ్రాన్స్ స్పెయిన్ సరిహద్దు కొండల్లో మందలు కాసిన జాతి. ఇది వెంటపడి కరవడం తక్కువ. ఇక్కడ నేనున్నానని అరిచి చెప్పి, కయోటీని దగ్గరికే రానివ్వదు. అవి ఎక్కువగా తిరిగేది రాత్రి, కాబట్టి దీని డ్యూటీ కూడా రాత్రే. మొరిగితే షాక్ కొట్టే పట్టీ మెడకి కట్టమన్నారొకరు. కాపలాకి మనిషిని పెట్టి నోరు కుట్టేసినట్టుంటుంది. మన దేశంలో మా ఊళ్ళో పొలంలో గొర్రెల మంద కట్టించినప్పుడు కుక్కలు తెల్లవార్లూ మొరిగేవి, ఎవరూ లేచి తిట్టేవారు కాదు.

ఇక్కడి ఊళ్ళ శబ్ద నిబంధనలు పెరట్లో తోచక అరిచే కుక్క కోసం రాసినవి. ఇన్ని నిమిషాలు మొరిగితే జరిమానా అంటాయిగానీ, ఎందుకు మొరిగిందని అడగవు. టెక్సస్ ఓటర్లు 2023 నవంబర్‌లో సాగు, పశుపోషణ చేసుకునే హక్కును ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చారు. సంతోషమే. కానీ "మాది ఫార్మ్" అనగానే అన్నీ చెల్లిపోకూడదు. ఒరెగాన్‌లో ఒక జంట తమ మాస్టిఫ్ జాతి పెద్ద కుక్కలు పశువుల కాపలాకే అన్నారు, కోర్టు నమ్మలేదు. ఏళ్ళ తరబడి నిద్రలేని పొరుగువాళ్ళకి రెండు లక్షల డాలర్లకు పైగా పరిహారం పడింది. మొరుగుడు తగ్గేలా కుక్కల గొంతుకి ఆపరేషన్ చేయించాలన్న ఆదేశాన్ని 2017లో అప్పీళ్ళ కోర్టు కూడా సమర్థించింది. ఆ ఆపరేషన్ ఘోరమే, అయినా పొరుగువాళ్ళ బాధ అబద్ధం కాదు. పశువులుంటే ఆస్తిపన్ను తగ్గుతుందని నాలుగు మేకల్ని, ఒక కుక్కని పొలంలో వదిలేసి ప్లేనో టౌన్‌లో హాయిగా పడుకునేవాళ్ళు మనలోనూ ఉన్నారు.

అందుకే ఫిర్యాదు వస్తే అధికారి గడియారం కాకుండా దొడ్డి చూడాలంటాను. మేకలున్నాయా, కుక్క వాటి మధ్యే ఉంటోందా, కంచె గట్టిదేనా? నా వంతుగా రాత్రి దొడ్డిని వీధివైపు నుంచి అవతలి చివరికి మార్చాను. మొరుగుడు ఆగలేదుగానీ ఆయన మెసేజ్‌లు తగ్గాయి. కుక్క బదులు గాడిదని పెట్టుకోమన్న మిత్రులూ ఉన్నారు. ఇక్కడ పెడతారు కూడా. ఓండ్ర వినిపిస్తే ఆయన ఏం రాస్తాడో!

కాలిఫోర్నియాలో ఇల్లు అమ్మేటప్పుడు మైలులోపు సాగుభూమి ఉంటే కొనేవాళ్ళకి కాగితం మీద చెప్పాలి. మాకూ అలాంటిది కావాలి. అది వచ్చేదాకా, ఈ పత్రిక వెనక పేజీల్లో ప్రకటనలిచ్చే మన రియల్టర్లకో మనవి: మా వైపు ఇళ్ళు చూపించేటప్పుడు ఒక్కసారి రాత్రిపూట తీసుకురండి.