నలుపు కనబడకపోతే బ్యాక్‌గ్రౌండ్ పోయినట్టు కాదు

పెళ్లి వీడియోల మిక్సింగ్ చేసేవాళ్ల మధ్య ఒక సలహా చాలాకాలంగా తిరుగుతోంది. "టైటిల్ వెనక బ్యాక్‌గ్రౌండ్ పోవాలంటే అల్ఫా ఏమీ అక్కర్లేదు. నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద టైటిల్ చేసి ఎంపీ4 తీసి, టైమ్‌లైన్ మీద స్క్రీన్ మోడ్ పెట్టండి. ఎంఓవీ అయినా ఎంపీ4 అయినా ఒకటే. అల్ఫాతో తీస్తే ఫైలు బరువు, పైగా అక్షరాల చుట్టూ నల్ల అంచు." ఇందులో అల్ఫా అంటే బొమ్మలో ఏ భాగం ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం, స్క్రీన్ మోడ్ అంటే పై లేయర్‌ని కింది దానితో కలిపే ఒక పద్ధతి. కొత్తగా పని నేర్చుకునే పిల్లలు ఈ సలహానే నమ్ముతున్నారు కాబట్టి ఒక్కో మాటా విప్పి చెప్పాలి.

స్క్రీన్ మోడ్‌లో నలుపు పోతుంది, నిజమే. కానీ ఏది బ్యాక్‌గ్రౌండో, ఏది అక్షరమో ఆ మోడ్‌కి తెలియదు. పై లేయర్ వెలుగుని కింది దానికి కలపడం ఒక్కటే దాని పని. మొన్న ఒక తమ్ముడు చూపించిన ప్రాజెక్టులో తెల్లటి మల్లెపూల మండపం మీద వధూవరుల పేర్లు ముదురు కుంకుమ రంగులో ఉన్నాయి. 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో ఆ రంగులో ఎరుపు 128, ఆకుపచ్చ 0, నీలం 0. వెనక పూలు మూడింటిలోనూ 230. స్క్రీన్ లెక్క వేస్తే ఎరుపు 243 అవుతుంది, మిగతా రెండూ 230 దగ్గరే ఉంటాయి. అంటే కుంకుమ రంగు కాస్తా వెలిసిపోయిన గులాబీ అయింది, పేర్లు పూలలో కలిసిపోయాయి. అక్షరాలు తేలి కనబడాలని వేసిన నల్ల నీడ అసలే లేదు, నలుపు కదా! పాపం, ఫాంటు బాగోలేదనుకుని మూడు ఫాంట్లు మార్చాడట.

నిప్పురవ్వలు, లైట్ మెరుపుల క్లిప్పులు నల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద వస్తాయి. వాటికి స్క్రీన్ మోడే సరైనది, ఎందుకంటే అవి వెలుగే. అక్షరం వెలుగు కాదు, వెనక ఉన్నదాన్ని కప్పాలి. ఎక్కడ ఎంత కప్పాలో ప్రతి పిక్సెల్‌కీ చెప్పేదే అల్ఫా ఛానల్.

ఇక ఎంఓవీ, ఎంపీ4 ఒకటేనా? ఎంఓవీ డబ్బా మాత్రమే, లోపలి కోడెక్‌ని, అంటే వీడియోని కుదించి దాచే పద్ధతిని చూడాలి. మనం రోజూ తీసే హెచ్.264 ఎంపీ4లో అల్ఫా ఉండదు. ఎంఓవీలో తీసినా ప్రోరెస్ 422 అయితే ఉండదు, ప్రోరెస్ 4444 అయితే ఉంటుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అయితే అవుట్‌పుట్ మాడ్యూల్‌లో ఛానల్స్ దగ్గర "ఆర్‌జీబీ + అల్ఫా" ఎంచుకోకపోతే 4444 పెట్టినా నల్ల బ్యాక్‌గ్రౌండే వస్తుంది. ఎక్కువమంది జారిపడేది ఇక్కడే.

బరువు మాట ఒప్పుకుంటాను. కానీ టైటిల్ ఉండేది ఏడెనిమిది సెకన్లు. అందులోనూ కదలని టైటిల్‌కి వీడియో దేనికి? ఫొటోషాప్‌లో బ్యాక్‌గ్రౌండ్ లేయర్ పక్కనున్న కన్ను గుర్తు ఆపేసి పీఎన్‌జీ తీస్తే చాలు. జేపీజీ మాత్రం వద్దు, దానిలో అల్ఫాకి చోటే లేదు.

నల్ల అంచు సంగతి. తప్పు అల్ఫాది కాదు, దాన్ని చదివిన తీరుది. కొన్ని ఫైళ్లలో అంచు పిక్సెల్ రంగు ముందే అల్ఫాతో గుణించి ఉంటుంది. దాన్నే ప్రీమల్టిప్లైడ్ అంటారు. సాఫ్ట్‌వేర్ దాన్ని స్ట్రెయిట్, అంటే ఇంకా గుణించనిది అనుకుంటే మళ్లీ గుణిస్తుంది. సగం కప్పే తెల్ల అంచు విలువ 255 నుంచి 128కి, అక్కడి నుంచి 64కి దిగుతుంది. ఆ మసే మనకు నల్ల గీతగా కనబడుతుంది. డావిన్చీ రిజాల్వ్‌లో క్లిప్ అట్రిబ్యూట్స్‌లో అల్ఫా మోడ్‌ని, ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌ని సరిచేస్తే గీత పోతుంది.

నలుపు బదులు ఆకుపచ్చ వేసి కీ చేస్తాం, అంటే ఆ రంగుని ఏరి తీసేస్తాం అనేవాళ్లూ ఉన్నారు. మామూలు ఎంపీ4లో రంగు సమాచారం నాలుగో వంతే ఉంటుంది కాబట్టి మన ఒత్తుల మధ్య సన్నటి సందుల్లో పచ్చ మిగిలిపోతుంది. పచ్చ పోయేదాకా కీ పెంచితే ఒత్తే అరిగిపోతుంది.

టైటిల్ తయారయ్యాక దాని కింద ఒకసారి తెల్ల క్లిప్పు, ఒకసారి నల్ల క్లిప్పు పెట్టి చూడండి. రెండింటి మీదా అక్షరం రంగు మారకుండా, అంచు శుభ్రంగా ఉంటే అల్ఫా సరిగ్గా వచ్చినట్టే.