బిల్లు పెంచే పోటీ

సెలైన్ గొట్టానికి తగిలించే చిన్న ప్లాస్టిక్ మీట ఒకటి ఉంటుంది. ఒకే సూది దారిలో రెండు మందులు ఎక్కించడానికి దాన్ని అటూ ఇటూ తిప్పుతారు. పేరు త్రీ వే స్టాప్‌కాక్. జాతీయ ఔషధ ధరల నియంత్రణ సంస్థ 2018 ఫిబ్రవరిలో ఢిల్లీ పరిసరాల్లోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు విప్పి చూసింది. రూ.5.77కు కొన్న ఆ మీటను రోగికి రూ.106కు అమ్మినట్లు తేలింది. అంటే 1,737 శాతం లాభం. ఎంఆర్పీ దాటలేదు కాబట్టి చట్టం దృష్టిలో అది తప్పు కూడా కాదు.

హైదరాబాద్‌లో ఆసుపత్రులకు కొదవ లేదు. సోమాజిగూడ నుంచి గచ్చిబౌలి దాకా, మలక్‌పేట నుంచి సికింద్రాబాద్ దాకా కూతవేటు దూరంలో ఒకటి కనిపిస్తుంది. ఇన్ని ఉన్నప్పుడు పోటీ వల్ల ధరలు వాటంతటవే దిగొస్తాయనే వాదన ఉంది. అది పూర్తిగా తప్పని మేం అనం. కోఠిలో మందుల దుకాణాలు ఎంఆర్పీపై తగ్గింపు ఇస్తున్నది పోటీ వల్లే. రక్తపరీక్షల ప్యాకేజీలు, కళ్లజోడు తీసేసే లేసర్ చికిత్స, పళ్ల క్లిప్పులు... వీటన్నిటిలో బేరం నడుస్తుంది. చీటీ మన చేతిలో ఉంటుంది, రేపు చేయించుకున్నా నష్టం లేదు, ఈ షాపులో నచ్చకపోతే పక్క షాపు ఉంది. అర్ధరాత్రి రెండింటికి గుండె పట్టేసిన మనిషి దగ్గర ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు. ఐసీయూలో ఉన్నవాళ్లకు ఏం కావాలో రాసేదీ, అమ్మేదీ, ఎప్పుడు చాలో చెప్పేదీ ఆ ఆసుపత్రే. ఆర్థికవేత్త కెన్నెత్ యారో 1963లోనే ఈ సంగతి వివరంగా రాశారు.

అయితే పోటీ లేకపోవడం కంటే పెద్ద చిక్కు ఇంకోటుంది. ఆసుపత్రి లోపల పోటీ ఉంది, కానీ అది తిరగబడి పనిచేస్తుంది. రెండు కంపెనీలు ఆ స్టాప్‌కాక్‌ను ఆసుపత్రికి ఆరేసి రూపాయలకే ఇస్తామన్నాయనుకుందాం. ఒకరి ప్యాకెట్ మీద ఎంఆర్పీ రూ.40, మరొకరి దాని మీద రూ.106. కొనుగోలు విభాగం ఏది ఎంచుకుంటుందో చెప్పనక్కర్లేదు. రూ.40 వేసిన కంపెనీ ఆర్డరు పోగొట్టుకుంటుంది, మరుసటి ఏడు తానూ కొత్త సరుకు తెచ్చి దాని మీద పెద్ద అంకె ముద్రిస్తుంది. కొనేది ఒకరు, డబ్బు కట్టేది మరొకరు అయినచోట పోటీ ధరను పైకే తోస్తుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి వైద్య పరికరాలన్నీ ఔషధాల నిర్వచనం కిందికి వచ్చాయి. వాటి ఎంఆర్పీని ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. కానీ ధర నియంత్రణలో లేని సరుకుకు మొదటిసారి ఎంత ముద్రించాలన్నది కంపెనీ ఇష్టం. తాళం వేసింది దొడ్డిదారికి, సింహద్వారం బార్లా తెరిచే ఉంది.

రోగులను రప్పించుకోవడంలోనూ ఇదే తంతు. పల్లెలో ఆర్‌ఎంపీకి, దారిలో అంబులెన్సు డ్రైవరుకు కమీషన్లు ముట్టజెప్పే పీఆర్వోల వ్యవస్థ జిల్లాల్లో అందరికీ తెలిసిందే. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడం, పుచ్చుకోవడం 2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం నిషిద్ధం. ఆ నియమాలు రిజిస్టరైన డాక్టర్లకే వర్తిస్తాయి కనుక ఆర్‌ఎంపీ, డ్రైవరు వాటి పరిధిలోకి రారు. ఒక ఆసుపత్రి కమీషన్ పెంచితే పక్క ఆసుపత్రీ పెంచాల్సిందే, ఆ సొమ్మంతా చివరికి మంచం మీదున్న మనిషి బిల్లులోనే తేలుతుంది.

బీమా ఉంటే గట్టెక్కుతామనుకునేవారు పాలసీలో గది అద్దె షరతు తప్పక చదవాలి. రూ.5 లక్షల పాలసీలో గది పరిమితి ఒక శాతం, అంటే రోజుకు రూ.5 వేలు అనుకుందాం. రూ.10 వేల గది తీసుకుంటే తేడా సొమ్ముతో సరిపోదు. సర్జన్ ఫీజు, థియేటర్ చార్జీలు, నర్సింగ్ కూడా అదే నిష్పత్తిలో సగానికి కోస్తారు. అవన్నీ కలిపి రూ.1.20 లక్షలైతే రూ.60 వేలు జేబులోంచి పోతాయి. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ చార్జీలకు ఈ కోత వర్తించకూడదని మన నానక్‌రామ్‌గూడలోనే ఉన్న బీమా నియంత్రణ సంస్థ 2020లో స్పష్టం చేసింది. డిశ్చార్జి రోజు హడావుడిలో దాన్ని అడిగి సరిచూసుకునేవారు అరుదు.

మరి ప్రభుత్వం ధరకు పరిమితి పెడితే బిల్లు తగ్గుతుందా? తగ్గుతుంది, పెట్టే తీరును బట్టి. 2017 ఫిబ్రవరిలో గుండె రక్తనాళం మూసుకుపోకుండా అమర్చే స్టెంట్లలో మందు పూసిన స్టెంట్ ధరను రూ.29,600కు, మామూలు స్టెంట్‌ను రూ.7,260కు పరిమితం చేశారు. అంతకుముందు మందు పూసిన స్టెంట్ లక్ష దాటి అమ్ముడయ్యేది. అంత కోత పడ్డా దేశంలో స్టెంట్ వేసే యాంజియోప్లాస్టీలు ఆగిపోలేదు. అయితే స్టెంట్ మీద తగ్గినంతా ప్యాకేజీలో తగ్గలేదు, క్యాథ్ ల్యాబ్ (స్టెంట్ వేసే గది), బెలూన్, డాక్టర్ ఫీజుల గళ్లలో కొంత తిరిగొచ్చింది. 2020 జూన్‌లో మన రాష్ట్రమే కోవిడ్ చికిత్సకు రోజుకు వార్డులో రూ.4 వేలు, ఐసీయూలో రూ.7,500, వెంటిలేటర్‌తో రూ.9 వేలు అని ఉత్తర్వు ఇచ్చింది. పీపీఈ కిట్లు, ఖరీదైన మందులు, పెద్ద పరీక్షలు ఇందులో కలవవని అదే ఉత్తర్వు చెప్పింది. ఆ సందులోంచే బిల్లులు లక్షలు దాటాయి.

ఒక్కో వస్తువు ధరకు పరిమితి పెడుతూ పోతే భారం పక్క గడిలోకి జారుతుంది. పరిమితి పెట్టాల్సింది లాభశాతానికి. 2019 ఫిబ్రవరిలో 42 క్యాన్సర్ మందులపై వ్యాపార లాభాన్ని (కంపెనీ అమ్మే ధరకు, ఎంఆర్పీకి మధ్య తేడాను) 30 శాతానికి పరిమితం చేసినప్పుడు కొన్ని బ్రాండ్ల ధర 90 శాతం వరకు పడిపోయింది. ఇదే పద్ధతి సిరంజీలు, క్యాన్యులాలు, గొట్టాలు, గ్లోవ్స్‌కు తేవాలి. ఇది కేంద్రం చేయాల్సిన పని, ఇంకా ఆలస్యం తగదు.

ఆసుపత్రుల గోడు కూడా వినాలి. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో రూ.10 లక్షలకు పెరిగింది, ప్యాకేజీ రేట్లను ఆ మరుసటి ఏడాది సవరించారు. కానీ ప్రభుత్వం చెల్లించాల్సిన బిల్లులు నెలల తరబడి పేరుకుంటే చిన్న నర్సింగ్ హోములు నిలదొక్కుకోలేవు. సేవలు నిలిపేస్తామన్న హెచ్చరికలు పదేపదే వింటున్నాం. ధర నిర్ణయించే ప్రభుత్వం ముందు దాన్ని సమయానికి చెల్లించాలి. నిమ్స్‌లో, గాంధీలో పడకలు, సిబ్బంది పెంచాలి. బస్తీ దవాఖానాలో తీసిన రక్తాన్ని ప్రభుత్వమే ఉచితంగా పరీక్షించి ఇస్తున్నచోట ప్రైవేటు ల్యాబ్ ఇష్టమొచ్చిన రేటు చెప్పలేదు. ప్రైవేటుకు నిజమైన పోటీ అది.

మిగతా పనికి కొత్త చట్టం అక్కర్లేదు. క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం తెలంగాణలో అమల్లో ఉంది. దాని 2012 నిబంధనల ప్రకారం ప్రతి ఆసుపత్రీ రేట్లను స్థానిక భాషలో అందరికీ కనిపించేలా ప్రదర్శించాలి. ఎన్ని రిసెప్షన్ల దగ్గర తెలుగులో ఆ పట్టిక ఉందో జిల్లా వైద్యాధికారులు ఒక్క వారం తిరిగితే తెలుస్తుంది. ఆసుపత్రి ఫార్మసీలోనే మందులు కొనాలన్న ఒత్తిడిపై సుప్రీంకోర్టు 2025 మార్చిలో నిర్ణయాన్ని రాష్ట్రాలకే వదిలింది. మందులు, సరుకు బయటి నుంచి తెచ్చుకోవచ్చని ప్రతి ఆసుపత్రి ఫార్మసీ కిటికీ పైన తెలుగులో, ఉర్దూలో బోర్డు పెట్టించాలి, మందుల చీటీ ఏ రోజుకారోజు రోగి బంధువుల చేతికి ఇప్పించాలి. ఈ రెంటికీ ఒక్క జీవో చాలు.